నాలుగో దశకు కూత నేర్పండి

భారత అంతరిక్ష పరిశోధన సంస్థ అధ్యక్షుల వారికి,



నెల్లూరులో ట్రాక్టరు విడిభాగాల దుకాణం నడుపుకునే మనిషిని. రాత్రి షట్టరు దించాక మిద్దె ఎక్కి ఉపగ్రహాల కూతలు వినడం నా పిచ్చి. మీకు ఉత్తరాలు రాసేవాళ్లు ఉద్యోగమో, ప్రయోగం చూడ్డానికి పాసో, పిల్లల ప్రాజెక్టు మీద సంతకమో అడుగుతుంటారేమో. నేను అడగబోయేది తూకం వేస్తే అరకిలో కూడా ఉండదు. ముందుగా అదేమిటో చెప్పేసి, తర్వాత ఎందుకో చెబుతాను. ఇకమీద పీఎస్ఎల్‌వీ నాలుగో దశను పోయెమ్ అనే ప్రయోగ వేదికగా కక్ష్యలో నిలిపిన ప్రతిసారీ దాని మీద హామ్ రేడియో (అభిరుచిగా రేడియో నడిపేవాళ్ల) పౌనఃపున్యంలో పలికే ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టించండి. అది పలికేదాన్ని ఎలా చదవాలో ప్రయోగానికి ముందే అందరికీ చెప్పండి.

2024 డిసెంబరు 30న పీఎస్ఎల్‌వీ-సీ60 స్పేడెక్స్ ఉపగ్రహాల జంటను విడిచిపెట్టాక దాని నాలుగో దశ చేసిన పనుల మీద నాకు మోజు ఇంకా తీరలేదు. మామూలుగా అయితే ఉపగ్రహం విడివడిన క్షణానే ఆ దశకు నూకలు చెల్లినట్టు. మీవాళ్లు దాన్ని వదిలేయకుండా 350 కిలోమీటర్ల ఎత్తుకు దించి, సౌర ఫలకాలతో కరెంటు అందించి, తూలిపోకుండా నిలబెట్టి, 24 ప్రయోగాలు చేయించారు. తిరువనంతపురంలోని మీ ఇనర్షియల్ సిస్టమ్స్ యూనిట్ తయారుచేసిన రోబో చెయ్యి అందులో ఒకటి. ఒక కొస ఆనించి, రెండో కొస ఎత్తి, గొంగళిపురుగు నడకలో చోటు మారేలా దాన్ని రూపొందించారు. తేలిపోతున్న చెత్తను పట్టుకోవడం సాధన చేసే ఇంకో చెయ్యి కూడా ఉంది. వీటన్నిటికన్నా మా ఇంట్లో ఎక్కువ చర్చ జరిగింది మాత్రం ఎనిమిది అలసంద గింజల గురించి. చిన్న పెట్టెలో నాలుగు రోజుల్లో మొలకెత్తాయి, తర్వాత ఆకులూ వేశాయి. మేము వడలకు నానబెట్టే గింజలే. "అక్కడ నీళ్లెవరు పోశార్రా?" అని మా అమ్మ అడిగితే ఆ పెట్టె సంగతి చెప్పడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

ఈ విశేషాలన్నీ నాకు తెలిసింది మీరు విడుదల చేసిన వీడియోల ద్వారా, పత్రికల ద్వారా. బాగానే చూపించారు, కాదనను. కానీ ఆ మూడు నెలలూ ఆ దశ రోజుకు నాలుగైదు సార్లు మా మిద్దె పైన ఆకాశంలోకి వచ్చి పోతూనే ఉంది. రోబో చెయ్యి కదిలినప్పుడూ, గింజలు పగిలినప్పుడూ ఆ కబురు ఉపగ్రహాలను అనుసరించే మీ ఇస్ట్రాక్ డిష్‌లకు చేరింది. మాకు చేరింది మీరు ఏరి పంపిన ముక్క.

పూర్తిగా మూగగా పంపారనడం అన్యాయం. కర్ణాటకలోని ఒక ఇంజనీరింగు కాలేజీవాళ్ల హామ్ రేడియో పరికరం ఆర్పిత్ ఆ దశ మీద ఉంది. అంతకుముందు 2024 జనవరి 1న వెళ్లిన పోయెమ్-3 మీద ముంబయి కాలేజీవాళ్ల బిలీఫ్‌శాట్-0 ఉంది. 2019 ఏప్రిల్ 1న సీ45 నాలుగో దశ మీద హామ్ ఉపగ్రహాల సంఘం ఆమ్‌శాట్ ఇండియా వాళ్ల ఏపీఆర్ఎస్ (పొట్లాలుగా సందేశాలు పంపే) పరికరం వెళ్లింది. శ్రీహరికోట గ్యాలరీలో కూర్చుని జనం మొదటిసారి చూసిన ప్రయోగం కూడా అదే కావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. అంటే తలుపు తెరిచే ఉంది. కానీ ఏదో ఒక కాలేజీ డబ్బూ మనుషులూ కూడగట్టుకుని ముందుకొస్తేనే ఆ దశకు గొంతు వస్తోంది. ఎవరూ రాకపోతే లేదు. నా మనవి ఈ లాటరీని ఆపమని. బ్యాటరీ, సౌర ఫలకం లాగే కూత కూడా ఆ దశకు సొంత అవయవం కావాలి.

వినడంలో ఏముందని మీ పక్కన కూర్చున్న అధికారి ఎవరైనా అడగవచ్చు. మీకు తెలియనిది కాదు గానీ, ఇది బహిరంగ లేఖ కాబట్టి మిగతావాళ్ల కోసం కొంచెం చెబుతాను.

ఇల్లు కట్టేవాళ్లు వాడే ఉక్కు కొలత టేపును కత్తిరించి, పీవీసీ గొట్టానికి బిగిస్తే 145 మెగాహెర్ట్జ్‌కు చక్కటి యాగీ ఏంటెన్నా తయారవుతుంది. గాలికి వంగుతుంది, మళ్లీ లేస్తుంది, మంచం కింద పడుతుంది. కంప్యూటరులో టీవీ చూడ్డానికి అమ్మిన చవక డాంగిల్ ఒకటి ఉండేది. అందులోని రియల్‌టెక్ చిప్పు టీవీ సంకేతాన్నే కాదు, ముడి రేడియో తరంగాలను కూడా కంప్యూటరుకు అప్పజెప్పగలదని 2012లో ప్రపంచానికి తెలిసింది. ఎవరో కంపెనీవాళ్లు ప్రకటించి కాదు, అభిరుచితో తవ్వినవాళ్లు బయటపెట్టి. అప్పటిదాకా లక్షల ఖరీదు చేసిన పనిని ఆ బొటనవేలంత ముక్క చేసిపెట్టింది. కేబులూ కనెక్టర్లూ హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో దొరుకుతాయి. మా నెల్లూరువాళ్లకు చెన్నైయే దగ్గర.

ఇక వినేది. ఉపగ్రహం ఒకే పౌనఃపున్యంలో పలుకుతున్నా, మన వైపు వస్తున్నప్పుడు స్వరం కాస్త పైకి, దాటిపోతున్నప్పుడు కిందికి వినిపిస్తుంది. గూడూరు స్టేషన్లో ఆగకుండా పోయే రైలు కూత విన్నవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ తేడా అటూ ఇటూ సుమారు మూడున్నర కిలోహెర్ట్జ్. కంప్యూటరు తెర మీద అదొక వంపు గీతగా పడుతుంది. ఆ వంపును కొలిస్తే ఉపగ్రహం ఎంత వేగంతో పోతోందో, మనకు అతి దగ్గరగా వచ్చినప్పుడు ఎంత దూరంలో ఉందో లెక్కగట్టవచ్చు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చాలు. పుస్తకంలో డాప్లర్ లెక్క వందసార్లు చేసిన పిల్లవాడు, తన చేత్తో కట్టిన ఏంటెన్నాతో సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైబడిన వేగాన్ని తనే రాబట్టినప్పుడు వాడి మొహం చూడాలి.

అంతరిక్ష యుగం మొదలైందే ఇలా. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ లేచినప్పుడు అది 20, 40 మెగాహెర్ట్జ్‌ల దగ్గర పలుకుతుందని సోవియట్ 'రేడియో' పత్రిక కొన్ని నెలల ముందే హామ్‌లకు చెప్పింది. ప్రపంచమంతా విన్నారు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారి అప్లైడ్ ఫిజిక్స్ ప్రయోగశాలలో గయర్, వైఫెన్‌బాక్ అనే ఇద్దరు కుర్ర శాస్త్రవేత్తలు ఎవరూ పురమాయించకుండానే ఆ కూతను రికార్డు చేసి, పైన చెప్పిన వంపు నుంచి స్పుత్నిక్ కక్ష్యను రాబట్టారు. ఉపగ్రహం ఎక్కడుందో మన చోటును బట్టి తెలిస్తే, ఉపగ్రహం చోటు తెలిసినప్పుడు మనం ఎక్కడున్నామో కూడా తెలియాలి కదా అని వాళ్ల పైఅధికారి ఫ్రాంక్ మెక్‌క్లూర్ లెక్కను తిరగేశాడు. ట్రాన్సిట్ అనే తొలి ఉపగ్రహ దిక్సూచి వ్యవస్థ అలా పుట్టింది. ఈ రోజు మా దుకాణానికి సరుకు తెచ్చే లారీ డ్రైవరు ఫోనులో దారి చూసుకునే జీపీఎస్‌కు అది పెద్దన్న.

నేను అడుగుతున్న దానికి సరైన నమూనా 1961లోనే ఉంది. ఆస్కార్-1. హామ్‌లు తమ గ్యారేజీల్లో తయారుచేసిన తొలి ఉపగ్రహం, బరువు నాలుగున్నర కిలోలు. అమెరికా వైమానిక దళం వారి అజీనా దశలో సమతూకం కోసం పెట్టే బరువు స్థానంలో దాన్ని కూర్చోబెట్టి డిసెంబరు 12న పంపారు. ఎలాగూ మోయాల్సిన బరువే, కాస్త పలికే బరువు మోశారు. మోర్స్‌లో 'హెచ్ ఐ' అనే రెండు అక్షరాలు తప్ప అదేమీ పలకలేదు. కానీ ఆ రెండు అక్షరాలు వచ్చే వేగం ఉపగ్రహం లోపలి వేడిని బట్టి మారేలా ఏర్పాటు చేశారు. చేతి గడియారం పెట్టుకుని లెక్కపెట్టినవాడెవరైనా అంతరిక్షంలో ఉష్ణోగ్రత కొలిచినట్టే. బ్యాటరీ ఉన్న మూడు వారాల్లోనే 28 దేశాల నుంచి 570 మందికి పైగా విన్న వివరాలు రాసి పంపారు. ఇంతకన్నా తక్కువ ఖర్చులో ఇంతమందిని శాస్త్రంలోకి దించిన యంత్రం ఇంకోటి ఉంటే చెప్పండి.

మీరూ ఒకటి చేశారు, అదీ నా కళ్ల ముందే. 2005 మే 5న సీ6 వాహనం శ్రీహరికోట రెండో ప్రయోగ వేదిక నుంచి, ఆ వేదిక మీది తొలి ప్రయోగంగా, కార్టోశాట్-1ని మోసుకెళ్లింది. దాని పక్కన 42.5 కిలోల హామ్‌శాట్ కూడా ఉంది. అంతకు నాలుగు నెలల ముందు, 2004 డిసెంబరులో, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతి ప్రసాద్ గారి బృందం సరదా సంప్రదింపుల కోసం అండమాన్ వెళ్లి ఉండగా సునామీ వచ్చింది. ఫోన్లు పడిపోయిన పోర్టుబ్లెయిర్ నుంచి బయటికి కబుర్లు పంపింది ఆ హామ్‌లే. దేశంలో హామ్ రేడియో అంటే ఏమిటో నలుగురికీ తెలిసిన కొద్ది నెలలకే మన సొంత హామ్ ఉపగ్రహం లేచింది. అందులో రెండు ట్రాన్స్‌పాండర్లు: ఒకటి మనది, ఇంకొకటి నెదర్లాండ్స్‌కు చెందిన ఒక విద్యార్థి హామ్ తయారుచేసింది. దేశం పెట్టిన ఉపగ్రహంలో ఒక విదేశీ కుర్రాడి పెట్టెకు చోటిచ్చిన మీ సంస్థ పెద్దమనసుకు అప్పట్లో డచ్చి హామ్‌లు పొంగిపోయారు, మేమూ పొంగిపోయాం.

అది పనిచేసే తీరు ఎంత సరదాగా ఉండేదో! 435 మెగాహెర్ట్జ్ దగ్గర మనం మాట్లాడితే 145.9 దగ్గర కిందికి పంపేది, అదీ తిరగేసి. మనం పట్టీలో పైకి జరిగితే మన గొంతు కిందికి జరిగేది. పరధ్యానంగా డయలు తిప్పితే నీ గొంతే నీకు దొరకదు. వెళ్లేటప్పటి డాప్లర్, వచ్చేటప్పటి డాప్లర్ ఒకదాన్నొకటి కొంత మింగేసేలా కావాలనే అలా కట్టారు. సుమారు 620 కిలోమీటర్ల ఎత్తు నుంచి అది ఒకేసారి రెండువేల ఏడొందల కిలోమీటర్ల దూరం దాకా నలువైపులా చూసేది. ఒక చేత్తో ఏంటెన్నా పట్టుకుని, ఇంకో చేత్తో డయలు తిప్పుతూ, మైకు భుజానికీ చెంపకూ మధ్య ఇరికించుకుని పావుగంటలోపు మాట పూర్తిచేయాలి. పక్క మిద్దె మీద బట్టలారేసే వాళ్లు నన్ను చూసి ఏమనుకున్నారో ఇప్పటికీ అడగలేదు.

రెండేళ్లు పనిచేస్తే చాలనుకున్న హామ్‌శాట్ తొమ్మిదేళ్లు పనిచేసింది. లిథియం అయాన్ బ్యాటరీ పోయి 2014 జులై 11న సేవ ముగిసింది. దాని స్థానంలో రెండోది రాలేదు. 2018లో ఒక ప్రైవేటు సంస్థ పంపిన ఎక్సీడ్‌శాట్-1, 2022 నవంబరులో సీ54 మీద వెళ్లిన హైదరాబాదు ధ్రువ స్పేస్ వారి థైబోల్ట్ జంట లాంటివి వచ్చి ఆ ఖాళీని కొంత పూడ్చాయి. దేశం పేరున నిలబడి, ఏ చిన్న ఊళ్లో హామ్ అయినా ఏళ్ల తరబడి నమ్ముకోగలిగినది మాత్రం ఆ తర్వాత లేదు.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి, ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. అమెరికా నుంచి 1974 నవంబరు 15న వెళ్లిన ఆస్కార్-7 అనే హామ్ ఉపగ్రహం 1981లో బ్యాటరీ షార్టయి చనిపోయింది. ఇరవయ్యేళ్లు పైచిలుకు మౌనం. 2002 జూన్‌లో ఉన్నట్టుండి పలికింది. షార్టయిన బ్యాటరీ సెల్లు లోపల తెగిపోయి అడ్డు తొలగడంతో సౌర ఫలకాల కరెంటు నేరుగా అందింది. అప్పటి నుంచి ఎండలో ఉంటే పలుకుతుంది, నీడలోకి పోతే నిద్రపోతుంది. ఎండ తగిలిన ప్రతిసారీ అదే తొలి ఉదయం అనుకుని కొత్తగా మొదలెడుతుంది. మీ దగ్గర చక్కటి బ్యాటరీలు ఉన్నాయి, ఆ మాట నిజమే. అయినా హామ్‌శాట్ రెండోది ఎప్పుడైనా కడితే, బ్యాటరీ చచ్చినా ఎండలో మాట్లాడే అడ్డదారి ఒకటి అందులో పెట్టించండి. దుకాణంలో పాత ట్రాక్టర్లు చూసిన అనుభవంతో చెబుతున్నాను: తోసి స్టార్టు చేయగలిగిన బండి ఎప్పటికీ పూర్తిగా మూలనపడదు.

ఈ లేఖ ఇప్పుడే రాయడానికి ఇంకో కారణం ఉంది. కొత్తగా వచ్చేవాళ్లకు మేమంతా మొదట వినిపిస్తూ వచ్చింది అమెరికా వాతావరణ ఉపగ్రహాలను. నోవా-15, 18, 19. 137 మెగాహెర్ట్జ్ దగ్గర టిక్ టిక్ మంటూ సెకనుకు రెండు గీతల చొప్పున భూమి బొమ్మను అనలాగ్‌లో పంపేవి. రెండు అల్యూమినియం కడ్డీలు వి ఆకారంలో పెట్టి, ఆ శబ్దాన్ని రికార్డు చేసి, కంప్యూటరుకు ఇస్తే బంగాళాఖాతం మీది మబ్బులు మెల్లగా తెర మీదికి దిగేవి. తుపాను బంగాళాఖాతంలో ఎక్కడుందో టీవీ చెప్పేలోపు మిద్దె మీద మనకే తెలుస్తుంటే నెల్లూరువాడికి అంతకన్నా ఏం కావాలి? 2025లో ఆ మూడింటినీ ఆపేశారు. వాటి వయసు అయిపోయింది, ఎవర్నీ తప్పుపట్టలేం. రష్యా మిటియోర్‌లు ఉన్నాయి గానీ వాటి సంకేతం డిజిటల్, తొలి రోజునే పట్టుబడేది కాదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఎప్పుడో ఒకసారి బొమ్మలు పంపుతుంది, పండగలాగా. రోజూ, ఎవరినీ అడగకుండా, మొదటి ప్రయత్నంలోనే చేతికందే కూత ఒకటి ఆకాశంలో కరువైంది. ఆ ఖాళీలో మీ నాలుగో దశ కనిపిస్తోంది నాకు.

ఊహించండి. పోయెమ్ మీద అరకిలో పెట్టె. ముందుగా మోర్స్‌లో దశ పేరు, తర్వాత నాలుగు అంకెలు: బ్యాటరీ వోల్టేజీ, సౌర ఫలకం కరెంటు, బయటి ఉష్ణోగ్రత, ఏదో ఒక ప్రయోగం పెట్టెలోపలి ఉష్ణోగ్రత. మోర్స్ రానివాళ్ల కోసం అదే సమాచారం సాదా డిజిటల్ పొట్లంగా ఇంకోసారి. రోబో చెయ్యి కదిలినప్పుడు కరెంటు వాడకం పెరుగుతుంది, అది కూతలోనే తెలిసిపోతుంది. జిల్లా పరిషత్ హైస్కూలు సైన్సు మాస్టారు ఒక గ్లాసులో అలసందలు నానబెట్టి, పైన తిరుగుతున్న అలసంద పెట్టెలో ఇప్పుడెంత వేడి ఉందో పిల్లల చేతే వినిపించి, రెంటినీ నల్లబల్ల మీద పక్కపక్కన రాయించగలడు. పోయెమ్-3 దాదాపు ఎనభై రోజులు తిరిగి మార్చి 21న గాలిలో కాలిపోయింది, పోయెమ్-4, అంటే సీ60 దశ, డిసెంబరు చివర నుంచి 2025 ఏప్రిల్ 4 దాకా ఉంది. ఇదీ ఒక లాభమే. మూడు నెలలకు మించి పెద్దగా ఉండదు కాబట్టి పిల్లలు వాయిదా వేయరు. చివరి వారాల్లో ఎత్తు తగ్గేకొద్దీ ఒక్కో చుట్టు కొంచెం ముందుగా రావడం వాళ్లే గమనిస్తారు. వాతావరణం రాకెట్టును ఎలా కిందికి లాగుతుందో చెప్పడానికి అప్పుడు పాఠం అక్కర్లేదు.

అభ్యంతరాలు వస్తాయని తెలుసు. పౌనఃపున్యాల కేటాయింపు గొడవా? అంతర్జాతీయ హామ్ సమాఖ్య ఉపగ్రహాలకు వాటిని సర్దుబాటు చేస్తూనే ఉంది, నేను ముందు చెప్పిన పరికరాలకూ ఇదేమీ కొత్త కాదు. బరువు, కరెంటు సంగతి మీకు నేను చెప్పేదేముంది. భద్రత అంటారా, ఆ మాట అనేవాళ్లకు ఇంగ్లండులోని కెటరింగ్ గ్రామర్ స్కూలు కథ చెప్పండి. జెఫ్రీ పెరీ అనే ఫిజిక్స్ మాస్టారు పిల్లలతో కలిసి మామూలు రేడియో రిసీవరుతో సోవియట్ ఉపగ్రహాలను వినేవాడు. 1966 మార్చిలో కాస్మోస్-112 దారి లెక్కవేస్తే అది తెలిసిన ప్రయోగ కేంద్రం నుంచి లేచినట్టు తేలలేదు. తర్వాత వెళ్లినవాటి దారులూ గీస్తే అన్నీ ఒక చోట కలిశాయి. అలా ప్లెసెత్స్క్ రహస్య ప్రయోగ కేంద్రాన్ని బడిపిల్లలు ఆ ఏడాది నవంబరులోనే ప్రపంచానికి ప్రకటించారు. మాస్కో దాన్ని ఒప్పుకున్నది 1983లో. స్పుత్నిక్‌కు పౌనఃపున్యం ముందే చెప్పినవాళ్లూ వాళ్లే, ప్లెసెత్స్క్‌ను దాచిపెట్టినవాళ్లూ వాళ్లే. చెప్పినా విన్నారు, దాచినా విన్నారు. ఆకాశంలో పెట్టిన వస్తువు విషయంలో దాపరికానికి ఉన్న విలువ అంతే. ఎలాగూ వినేవాళ్లు వింటారు, అందులో మన పిల్లలు కూడా ఉండాలా అక్కర్లేదా అన్నదే ప్రశ్న.

దీనికి మన ఇంటి ఉదాహరణే ఉంది. 2019 సెప్టెంబరు 7, అర్ధరాత్రి దాటాక చంద్రయాన్-2 ల్యాండరు విక్రమ్ చంద్రుడి మీద దిగుతుంటే దేశమంతా టీవీల ముందు మీ తెర మీది గీతను చూస్తూ కూర్చుంది. 2.1 కిలోమీటర్ల ఎత్తు దాకా అంతా సవ్యమని చెప్పి, తర్వాత సంకేతం తెగిందన్నారు. అదే సమయంలో నెదర్లాండ్స్‌లోని డ్వింగెలూ ఊళ్లో, 1956 నాటి 25 మీటర్ల పాత డిష్‌ను బాగుచేసుకుని నడుపుతున్న స్వచ్ఛంద బృందం విక్రమ్ పలుకును నేరుగా వింటోంది. చిన్నచిన్నగా తగ్గాల్సిన వేగం ఎలా తేడాపడిందో, చివరికి గీత ఎక్కడ ఆగిపోయిందో వాళ్ల డాప్లర్ వంపులో పడింది. కీస్ బస్సా అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆ బొమ్మను ఆ రాత్రే అందరి ముందూ పెట్టాడు. ఆ తర్వాత శిథిలాల జాడ మొదట పట్టింది చెన్నైకి చెందిన షణ్ముగ సుబ్రమణియన్ అనే ఇంజనీరు. వృత్తి వేరు, అభిరుచి ఇది. నాసా విడుదల చేసిన ఫొటోలను పాతవాటితో పిక్సెల్ పిక్సెల్ పోల్చి వాళ్లకు రాస్తే డిసెంబరులో నాసా అతని పేరు చెప్పి ధ్రువీకరించింది. ఆ ఫొటోలు అందరికీ అందుబాటులో ఉండబట్టే ఒక చెన్నై కుర్రాడు కనిపెట్టగలిగాడు. ఆ తర్వాత చంద్రయాన్ సమాచారాన్ని మీరు కూడా ప్రదాన్ వేదిక మీద పెట్టారు, ధన్యవాదాలు. నేను అడిగేది దాని తర్వాతి మెట్టు: సమాచారం సర్వరు నుంచి కాక నేరుగా ఆకాశం నుంచే రావాలి.

విద్యార్థుల కోసం మీరు చేస్తున్నవి తెలుసు. తొమ్మిదో తరగతి పిల్లలకు యువిక, కాలేజీలకు రోబోటిక్స్ పోటీ, క్యాన్‌శాట్ పోటీలు. అన్నిటికీ దరఖాస్తు ఉంది, ఎంపిక ఉంది, ప్రిన్సిపాల్ సంతకం ఉంది. బాగా చదివేవాళ్లూ మంచి కాలేజీలవాళ్లూ వస్తారు. కావలిలో టీవీ రిపేరు చేసే మెకానిక్కుకు అక్కడ గడి లేదు. పదో తరగతి తప్పి ఇంట్లో పాత స్పీకర్లు విప్పుతూ కూర్చున్న పిల్లకూ లేదు. రిటైరైన లైన్‌మన్‌కూ లేదు. నా అనుభవంలో టంకం సరిగ్గా వేయగలిగింది ఎక్కువసార్లు వీళ్లే. ఉపగ్రహం కూతకు దరఖాస్తు అక్కర్లేదు. వినాలనిపించినవాడు వింటాడు. ఇష్టం పెరిగితే హామ్ పరీక్ష రాస్తాడు, పన్నెండేళ్లు నిండితే చాలు, తర్వాత తనే మాట్లాడటం మొదలుపెడతాడు. ఇస్రోకు రేపు కావాల్సిన ఇంజనీర్లు వీళ్లలోంచి వస్తారా అంటే కొందరు రావచ్చు. రాకపోయినా నాకు పెద్ద బెంగలేదు. మా ఊళ్లో రాకెట్టు లేచిన సాయంత్రం దక్షిణం వైపు చూసి ఫోనులో వీడియో తీసుకునే వేలమందిలో కొందరు, ఆ రాత్రి ఏంటెన్నా పట్టుకుని దాని గురించి తగువులాడుకోవడమే నాకు కావాల్సింది.

మీ బల్ల మీద ఇంతకన్నా బరువైన ఫైళ్లు ఉన్నాయి. 2025 మే 18న సీ61 మూడో దశలో తేడాచేసి ఉపగ్రహం పోయినప్పుడు మేమూ ఆ రాత్రి సరిగా తినలేదు. పీఎస్ఎల్‌వీ మళ్లీ నిలదొక్కుకోవడమే మొదటి పని, దాన్ని ఆపి నా మాట వినమని అనను. దాని పక్కనే, పోయెమ్ తర్వాతి విడతకు పరికరాల జాబితా వేసేటప్పుడు, ఒక వరుస ముందే నింపి ఉంచమని అడుగుతున్నాను.

పరికరం మీరే కట్టాల్సిన పని కూడా లేదు. ఆమ్‌శాట్ ఇండియా ఉంది, హైదరాబాదు సంస్థ ఉంది, ముంబయి, కర్ణాటక కాలేజీల్లో ఒకసారి చేసినవాళ్లు ఉన్నారు. నమూనా ఒకటి ఖాయం చేసి బొమ్మలు బయటపెడితే ప్రతి విడతకూ అదే పెట్టె, అదే భాష. ఈసారి నేర్చుకున్నది వచ్చేసారి పనికొస్తుంది. పిల్లవాడు ఒక పోయెమ్‌కు రాసుకున్న ప్రోగ్రాం తర్వాతి పోయెమ్‌కూ పనిచేస్తుంది. అదొక్కటి జరిగినా చాలు, ప్రతిసారీ కొత్త కాలేజీ కొత్త పద్ధతి పెట్టి మమ్మల్ని మొదటికి తేవడం తప్పుతుంది.

పౌనఃపున్యం, అంకెల క్రమం ప్రయోగానికి కనీసం రెండు నెలల ముందు చెప్పండి. ఏంటెన్నా కట్టడానికి ఒక ఆదివారం చాలు గానీ బడుల్లో అనుమతి రావడానికి అంత కాలం పడుతుంది. నాలుగో దశ విడివడిన గంటకల్లా దాని కక్ష్య అంకెలు పెట్టండి. మొదటి రోజు అది ఏ వైపు నుంచి వస్తుందో తెలియక సగంమంది తప్పు దిక్కుకు ఏంటెన్నా పట్టుకుని నిలబడతారు. ప్రకటన ఇంగ్లీషు, హిందీలతో పాటు తెలుగు, తమిళంలో కూడా ఉంటే బాగుంటుంది. శ్రీహరికోట చుట్టుపక్కల జనం మాట్లాడేది ఆ రెండే. విన్న వివరాలు ఎక్కడికి పంపాలో కూడా అందులోనే రాయించండి. హామ్‌ల ఆచారం ప్రకారం విన్నామని రాసినవాడికి క్యూఎస్ఎల్ కార్డు పంపుతారు. రాకెట్టు బొమ్మ ఒకవైపు, విన్న తేదీ, సమయం ఇంకోవైపు ఉంటే సరిపోతుంది. ఈమెయిలుగా కాకుండా తపాలాలో వస్తే మంచిది, బడి నోటీసు బోర్డుకు గుచ్చుకోవచ్చు.

ఇట్లు
నెల్లూరు నుంచి ఒక విడిభాగాల వ్యాపారి, హామ్